బ్రెయిలీ డిస్‌ప్లే కొత్తగా వచ్చిందా? బటన్లు ఇలా నేర్చుకోండి

కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఉన్న రాతని, లేచి పడే పిన్నులతో బ్రెయిలీ చుక్కలుగా చూపించే పరికరం బ్రెయిలీ డిస్‌ప్లే. అది చేతికొచ్చిన కొత్తలో అందరూ అడిగేది దాదాపు ఒకటే. "చుక్కలు లేస్తున్నాయి, అక్షరాలు తెలుస్తున్నాయి, కానీ లైన్ అయిపోయాక ఎటు పోతున్నానో తెలియట్లేదు, ఏ బటన్ నొక్కితే ఏం చెడుతుందో అని టెన్షన్‌గా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. బ్రెయిలీ అక్షరాలు కనీసం నెమ్మదిగానైనా చదవగలరు అనుకుని రాస్తున్నాను. అక్షరాలే కొత్తైతే ముందు కాగితం మీద నేర్చుకుని తర్వాత దీనికి రండి, రెండూ ఒకేసారి పెట్టుకుంటే రెండూ ఆలస్యమవుతాయి.

సిద్ధాంతం జోలికి పోను, ఒక్క విషయం తప్ప. డిస్‌ప్లే కదలడం వేరు, కర్సర్ కదలడం వేరు. పొడవైన లైన్ మీద జరుపుకుంటూ పోయే చిన్న కిటికీ మీ డిస్‌ప్లే. కిటికీని జరిపినంత మాత్రాన టైప్ చేసే చోటు జరగదు. బటన్ల విషయంలో వచ్చే గందరగోళంలో ఎక్కువ భాగం ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల వస్తోంది, కాబట్టి కింద ఏ బటన్ గురించి చదివినా "ఇది కిటికీని జరుపుతుందా, కర్సర్‌ని జరుపుతుందా" అని మీకు మీరే అడగండి.

ముందు ఏమేం కావాలి

- డిస్‌ప్లే, దాని యూఎస్‌బీ కేబుల్. బ్లూటూత్ ఉన్నా సరే, మొదటి వారం కేబుల్‌తోనే వాడండి. బ్లూటూత్ తెగిపోయిందా, మీరే తప్పు బటన్ నొక్కారా అనే అనుమానం ఉండదు.
- స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే, డిస్‌ప్లేకి పంపే ప్రోగ్రాము) ఉన్న కంప్యూటర్. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా దానితోనే ఇస్తాను. జాస్ అనే ఇంకో స్క్రీన్ రీడర్ అయినా పద్ధతి ఇదే, కీలు మారతాయి.
- మామూలు కంప్యూటర్ కీబోర్డు దగ్గరలో ఉండాలి. ఎక్కడైనా ఇరుక్కుంటే బయటపడే దారి అదే.
- కడిగి, పూర్తిగా ఆరిన చేతులు. శానిటైజర్ రాసుకున్న వెంటనే ముట్టుకోవద్దు. తడి, నూనె, దుమ్ము పిన్నుల పక్కనుంచి లోపలికి దిగితే చుక్కలు ఇరుక్కుపోతాయి.
- జారని బల్ల. ఒళ్ళో పెట్టుకుని వాడటం తర్వాత అలవాటు చేసుకోవచ్చు.

1. ఆపి ఉంచే మెషిన్ మొత్తం తడమండి

ఇంకా ఆన్ చేయొద్దు. ఆన్‌లో ఉంటే ప్రతి స్పర్శకీ ఏదో ఒకటి జరుగుతుంది, చేతికి బొమ్మ పట్టుబడదు.

ముందు సెల్స్ (ఒక్కో బ్రెయిలీ గుర్తు లేచే చోట్లు) వరుస వెతకండి, సన్నటి రంధ్రాల వరుసలా, కొంచెం గరుగ్గా తగులుతుంది. ఎన్ని సెల్స్ ఉన్నాయో లెక్కపెట్టండి, మామూలుగా 14, 20, 32, 40, 80 ఉంటాయి. లెక్క తేడాగా వస్తే కంగారు పడకండి, కొన్ని మోడళ్ళలో కర్సర్ స్థితి చెప్పడానికి పక్కన విడిగా స్టేటస్ సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్‌లో 8 చుక్కలు. ఎడమవైపు పైనుంచి 1, 2, 3, కుడివైపు 4, 5, 6, అడుగున ఎడమ 7, కుడి 8. కాగితం బ్రెయిలీ చదివినవాళ్ళకి 7, 8 మాత్రమే కొత్త.

తర్వాత ఈ నాలుగింటినీ వెతికి పట్టుకోండి:

- సెల్స్ వరుసకి సరిగ్గా పైన, ప్రతి సెల్‌కీ ఒకటి చొప్పున ఉండే బుల్లి బటన్లు. ఇవి కర్సర్ రూటింగ్ కీలు, అంటే కర్సర్‌ని ఆ సెల్ దగ్గరికి రప్పించేవి.
- బొటనవేళ్ళకి అందేలా ముందు అంచున గానీ, సెల్స్‌కి రెండు చివర్లా గానీ ఉండేవి ప్యానింగ్ కీలు, అంటే కిటికీని జరిపేవి.
- పెర్కిన్స్ బ్రెయిలర్ (బ్రెయిలీ టైప్‌రైటర్) మీద ఉన్నట్టు ఉండే టైపింగ్ కీలు, ఆరు లేదా ఎనిమిది, వాటితోపాటు స్పేస్.
- మిగిలినవి: పవర్, బాణాలు, మెనూ లాంటివి. వీటి పేర్లు ఒక్కో కంపెనీలో ఒక్కో రకం. ఈ రోజుకి ఎక్కడున్నాయో తెలిస్తే చాలు.

అన్ని మోడళ్ళలో అన్నీ ఉండవు. ఆర్బిట్ రీడర్ 20లో రూటింగ్ కీలు లేవు, బదులుగా నాలుగు బాణాలు, వాటి మధ్యలో సెలెక్ట్ బటన్ ఉంటాయి. కొన్ని పెద్ద డిస్‌ప్లేల్లో టైపింగ్ కీలే ఉండవు. లేని బటన్ కోసం గంటసేపు వెతకొద్దు, మాన్యువల్‌లో మొదటి పేజీల్లోనే మెషిన్ ఆకారం వర్ణించి ఉంటుంది, అది స్క్రీన్ రీడర్‌తో ఒకసారి వినేయండి.

సరిచూసుకోవడం: చేతులు బల్ల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకోండి. ఇప్పుడు "కుడి ప్యానింగ్ కీ" అనుకుని నేరుగా దాని మీద వేలు పెట్టండి. వెతుక్కోకుండా పడే దాకా ఇదే చేయండి. స్పేస్, ఎడమ ప్యానింగ్, మొదటి రూటింగ్ కీ, చివరి రూటింగ్ కీ కూడా ఇలాగే. ఇది చిన్నపిల్లల ఆటలా అనిపించి చాలామంది దాటేస్తారు, దాటేసినవాళ్ళే నెల తర్వాత కూడా ప్రతి బటన్‌కీ తడుముకుంటూ ఉంటారు.

2. ఆన్ చేసి, ఏ మోడ్‌లో ఉందో తెలుసుకోండి

చాలా డిస్‌ప్లేల్లో సొంతంగా నోట్స్ రాసుకునే, పుస్తకాలు చదివే సదుపాయం ఉంటుంది. అంటే మెషిన్‌కి రెండు బతుకులు: ఒకటి దాని సొంత మెనూ, రెండోది కంప్యూటర్‌కో ఫోన్‌కో కలిసి పనిచేయడం. రెండోదాన్ని టెర్మినల్ మోడ్, రిమోట్ మోడ్, స్క్రీన్ రీడర్ మోడ్, ఇలా ఏదో ఒక పేరుతో పిలుస్తారు. ఒకే బటన్ ఈ రెండు మోడ్‌లలో రెండు పనులు చేస్తుంది. "నిన్న పనిచేసిన బటన్ ఇవాళ పనిచేయట్లేదు" అన్నప్పుడు నేను మొదట అడిగేది ఏ మోడ్‌లో ఉన్నారనే.

3. కంప్యూటర్‌కి కలపండి

కేబుల్ పెట్టి, ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్), కంట్రోల్, ఇంగ్లీషు ఏ అక్షరం, ఈ మూడూ కలిపి నొక్కండి. బ్రెయిలీ డిస్‌ప్లే ఎంచుకునే పెట్టె తెరుచుకుంటుంది. ఆటోమేటిక్ అని ఉంటే చాలావరకు దానంతటదే పట్టుకుంటుంది. పట్టుకోకపోతే జాబితాలో మీ మోడల్ పేరు ఎంచుకోండి. పాత మెషిన్లకి కంపెనీ ఇచ్చే డ్రైవర్ వేయాల్సి రావచ్చు. 2018లో బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం హెచ్‌ఐడీ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది, దాన్ని పాటించే కొత్త మెషిన్లకి ఆ గొడవ ఉండదు.

ఐఫోన్ అయితే జత చేయడానికి మామూలు బ్లూటూత్ మెనూలోకి వెళ్ళకండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, వాయిస్‌ఓవర్ (ఐఫోన్ స్క్రీన్ రీడర్), బ్రెయిలీ, ఆ లోపలి నుంచే జత చేయాలి. ఆండ్రాయిడ్‌లో 13వ వెర్షన్ కాలం నుంచి బ్రెయిలీ డిస్‌ప్లే సదుపాయం టాక్‌బ్యాక్ అనే దాని స్క్రీన్ రీడర్‌లోనే వచ్చేసింది, అంతకుముందు బ్రెయిల్‌బ్యాక్ అని వేరే యాప్ పెట్టుకోవాల్సి వచ్చేది. పాత పాఠాలు చూసి ఆ యాప్ కోసం వెతకొద్దు.

ఒక హెచ్చరిక. ఫోన్‌కి బ్లూటూత్‌తో, కంప్యూటర్‌కి కేబుల్‌తో రెంటికీ కలిపి ఉంటే, మీరు చదువుతున్నది ఏ పరికరంలోదో మర్చిపోతారు. నేర్చుకునే రోజుల్లో ఫోన్ బ్లూటూత్ ఆపేయండి. అలాగే ఒకే కంప్యూటర్‌లో రెండు స్క్రీన్ రీడర్లు నడుస్తుంటే రెండోదానికి డిస్‌ప్లే దొరకదు, ఒకటి మూసేయండి.

4. భాష టేబుల్ సరిచేయండి

తెలుగు చదివేవాళ్ళు ఇక్కడ తప్పకుండా ఆగాలి. స్క్రీన్ రీడర్‌లో ఔట్‌పుట్ టేబుల్, ఇన్‌పుట్ టేబుల్ అని రెండు సెట్టింగులు ఉంటాయి, టేబుల్ అంటే ఏ అక్షరానికి ఏ చుక్కలో చెప్పే పట్టిక. మొదటిది మీరు చదివేదానికి, రెండోది మీరు టైప్ చేసేదానికి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే చదవడం బాగుంటుంది, టైప్ చేస్తే చెత్త పడుతుంది, లేదా అటుదిటు.

ఔట్‌పుట్ ఇంగ్లీషు టేబుల్‌లో ఉండగా తెలుగు వాక్యం మీదికి వెళ్తే చుక్కలు వస్తాయి కానీ అర్థం ఉండదు. ఒక్కో తెలుగు అక్షరం బదులు ఎక్స్ అక్షరం, దాని వెనక నాలుగు అంకెలో అక్షరాలో ఉన్న కోడ్ కనిపిస్తుంటే మెషిన్ పాడైనట్టు కాదు, ఆ టేబుల్‌కి తెలుగు తెలియదు, అంతే. బ్రెయిలీ సెట్టింగ్స్‌లో తెలుగు టేబుల్ ఎంచుకోండి.

సరిచూసుకోవడానికి నోట్‌ప్యాడ్‌లో "పలక" అని ఉంచండి. భారతీయ భాషల ఉమ్మడి పద్ధతి అయిన భారతి బ్రెయిలీలో ప 1-2-3-4, ల 1-2-3, క 1-3. అంటే మూడు సెల్స్, వరుసగా నాలుగు, మూడు, రెండు చుక్కలు. వేలికి అలా మెట్లు దిగినట్టు తగిలితే టేబుల్ సరిగ్గా ఉంది. తర్వాత "తెలుగు" అని ఉంచండి, ఆరు సెల్స్ రావాలి, ఎందుకంటే గుణింతాలకి విడి సెల్స్ పడతాయి: 2-3-4-5, 2-6, 1-2-3, 1-3-6, 1-2-4-5, 1-3-6.

ఇంగ్లీషులో కూడా ఒక ఉచ్చు ఉంది. ఒక్కో అక్షరానికీ అంకెకీ ఒక్కో సెల్ వాడే ఎనిమిది చుక్కల కంప్యూటర్ బ్రెయిలీలో అంకెల గుర్తు ఉండదు, అమెరికా పద్ధతిలో 1 అంకె ఒక్క చుక్క 2 మాత్రమే. సాహిత్య బ్రెయిలీ (పుస్తకాల్లో ఉండే మామూలు ఆరు చుక్కల బ్రెయిలీ) అలవాటున్నవాళ్ళు దాన్ని కామా అని చదివేస్తారు. ఫోన్ నంబరు మొత్తం కామాలూ చిహ్నాలూగా కనిపిస్తే టేబుల్ చూడండి.

5. హెల్ప్ మోడ్‌లో అన్నీ నొక్కి చూడండి

భయం పోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. ఎన్‌వీడీఏ కీతో 1 నొక్కితే ఇన్‌పుట్ హెల్ప్ ఆన్ అవుతుంది. అప్పటినుంచి డిస్‌ప్లే మీద ఏ బటన్ నొక్కినా దాని పని చెబుతుందే తప్ప ఆ పని చేయదు. జాస్‌లో ఇన్సర్ట్‌తో 1. కంప్యూటర్‌లో మళ్ళీ అదే నొక్కితే ఆగిపోతుంది. ఐఫోన్‌లో స్పేస్‌తో 1-3 కలిపి నొక్కితే ఇలాంటి హెల్ప్ వస్తుంది.

ఒక్కో బటన్ నొక్కుతూ వినండి. మొత్తం గుర్తుపెట్టుకోవాలని చూడకండి. కంపెనీ ఇచ్చే కమాండ్ల జాబితాలో వందకి దగ్గరగా ఉండొచ్చు, రోజూ వాడేవి పది కూడా ఉండవు. ముందు ఎడమ ప్యాన్, కుడి ప్యాన్, రూటింగ్, బ్యాక్‌స్పేస్, ఎంటర్. ఈ ఐదూ వేళ్ళలోకి వచ్చాకే ఆరోది.

జాగ్రత్త: హెల్ప్ మోడ్ ఆపడం మర్చిపోయి, "మెషిన్ హ్యాంగ్ అయింది, ఏదీ పనిచేయట్లేదు" అని మెషిన్ ఆపి ఆన్ చేస్తుంటారు. ముందు హెల్ప్ ఆపారో లేదో చూడండి.

6. ప్యానింగ్: కిటికీని జరపడం

నోట్‌ప్యాడ్‌లో ఎంటర్ కొట్టకుండా ఒకే పొడవైన లైన్ రాయించుకోండి, ఓ 120 అక్షరాలు ఉంటే చాలు. కంప్యూటర్ కీబోర్డు మీద హోమ్ నొక్కి లైన్ మొదటికి రండి. ఇప్పుడు చదివి, చివరి సెల్ దాకా వచ్చాక కుడి ప్యాన్ నొక్కండి, ఎడమ చేతి వేలు అప్పటికే మొదటి సెల్ దగ్గర సిద్ధంగా ఉండాలి. చదివే చేయి కుడి చివర ఉండగానే రెండో చేయి మొదట్లో ఎదురుచూడటం, ఇదొక్కటి అలవాటైతే వేగం అమాంతం పెరుగుతుంది. ఒకే వేలితో అటూ ఇటూ పరిగెత్తితే అలసిపోతారు.

ఇక ఇక్కడి తప్పులు.

మొదటిది, బాణం కీతో ప్యాన్ చేద్దామనుకోవడం. కింది బాణం నొక్కితే లైన్‌లో మిగిలిన భాగం వదిలేసి కింది లైన్‌కి పోతారు. కథ మధ్యలో ముక్కలు పోతున్నాయి అంటే కారణం ఇదే.

రెండోది ఇంకా పెద్దది. రెండుసార్లు కుడికి ప్యాన్ చేసి, అక్కడ తప్పు కనబడి, అక్కడే ఉన్నామనుకుని టైప్ చేయడం. డిస్‌ప్లే ఠక్కున వెనక్కి దూకుతుంది, మీరు కొట్టిన అక్షరం లైన్ మొదట్లో పడుతుంది, ఎందుకంటే కర్సర్ అక్కడే ఉంది. లైన్ లోపల ప్యాన్ చేసినప్పుడు కర్సర్ కదలదు. కానీ లైన్ చివర దాటి ప్యాన్ చేస్తే ఎన్‌వీడీఏ మామూలు సెట్టింగ్‌లో కర్సర్‌ని కూడా కింది లైన్‌కి తీసుకెళ్తుంది. లోపల కదలదు, దాటితే కదులుతుంది. దీన్ని వట్టిగా చదివి వదిలేయకుండా కావాలని ఒకసారి చేసి చూడండి.

మూడోది తప్పు కూడా కాదు, కంగారు. చివరి నాలుగైదు సెల్స్ ఖాళీగా తగిలితే అవి పాడయ్యాయనుకుంటారు. మాట మధ్యలో విరగకుండా, పట్టని మాటని తర్వాతి కిటికీకి తోసేసే సెట్టింగ్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది. మన మాటలు పొడుగు, 14 సెల్స్ డిస్‌ప్లే మీద ఒక్కోసారి ఒకే మాట వచ్చి మిగతాదంతా ఖాళీగా ఉంటుంది. అంత చిన్న డిస్‌ప్లే మీద తెలుగు ఎక్కువగా చదివేవాళ్ళు ఆ సెట్టింగ్ తీసేస్తేనే నయం అని నా అభిప్రాయం. మాట విరుగుతుంది, నిజమే, కానీ ప్యాన్ నొక్కుళ్ళు తగ్గుతాయి.

సరిచూసుకోవడం: లైన్ మొదటి నుంచి చివరికి ఎన్ని నొక్కుళ్ళు పట్టాయో లెక్కపెట్టి, ఎడమ ప్యాన్‌తో అన్నే నొక్కుళ్ళతో వెనక్కి రాగలగాలి.

7. రూటింగ్: కర్సర్‌ని రప్పించడం

బ్రెయిలీ డిస్‌ప్లే కొన్నందుకు అసలు ఫలితం నాకు తెలిసి ఇక్కడే ఉంది. మాట వింటే స్పెల్లింగ్ తప్పు తెలియదు, వేలికి తెలుస్తుంది, తెలిసిన చోటే వేలు కొంచెం పైకి జరిపి బటన్ నొక్కితే కర్సర్ అక్కడికి వచ్చేస్తుంది. బాణం కీతో ఒక్కో అక్షరం లెక్కపెట్టుకుంటూ పోనక్కర్లేదు.

"పలలక" అని తప్పుగా రాసి పెట్టుకోండి. రెండో ల తీసేయాలి. చాలామంది ఆ ల పైనున్న రూటింగ్ కీ నొక్కి, బ్యాక్‌స్పేస్ కొడతారు. మొదటి ల పోతుంది. ఈ ఉదాహరణలో రెండూ ఒకటే కాబట్టి బతికిపోయారు, వేరే మాటలో అయితే మంచి అక్షరం పోయి చెడ్డది మిగులుతుంది. కారణం ఏమిటంటే, రూటింగ్ నొక్కితే కర్సర్ ఆ అక్షరానికి ముందు నిలబడుతుంది, బ్యాక్‌స్పేస్ కర్సర్‌కి వెనకున్నదాన్ని చెరుపుతుంది. అందుకని రెండు దారులు:

- తప్పు అక్షరం మీద రూటింగ్ నొక్కి, డిలీట్ కొట్టండి.
- లేదా తప్పు అక్షరం తర్వాతి సెల్ మీద రూటింగ్ నొక్కి, బ్యాక్‌స్పేస్ కొట్టండి. డిస్‌ప్లే మీద డిలీట్ దొరకనివాళ్ళకి ఇదే సులువు.

తెలుగులో ఇంకో మెలిక. గుణింతం గుర్తు ఉన్న సెల్ మీద రూటింగ్ నొక్కితే కొన్ని ప్రోగ్రాముల్లో కర్సర్ అక్షరానికీ గుణింతానికీ మధ్యలో ఆగకుండా అక్షరం మొదటికో చివరికో జరుగుతుంది. కాబట్టి చెరిపే ముందు కర్సర్ ఎక్కడ ఆగిందో వేలితో చూడండి. ఎన్‌వీడీఏలో కర్సర్ అంటే 7, 8 చుక్కలు మినుకుమినుకుమనడం.

లింకులు, బటన్ల మీద కూడా రూటింగ్ పనిచేస్తుంది, నొక్కితే ఆ లింకు తెరుచుకుంటుంది. కొన్నిచోట్ల మొదటి నొక్కుకి కర్సర్ వస్తుంది, రెండో నొక్కుకి తెరుచుకుంటుంది. తొందరపడి టకటకా నొక్కొద్దు, ముఖ్యంగా డబ్బు చెల్లించే పేజీల్లో.

ఒక చిన్న చిట్కా: రూటింగ్ కోసం చదివే వేలు అక్షరం మీద నుంచి తీయకండి. చూపుడు వేలు అక్షరం మీదే ఉంచి, మధ్య వేలితో పైనున్న బటన్ నొక్కండి. వేలు తీస్తే పక్క సెల్ బటన్ పడుతుంది.

8. టైపింగ్ కీలు

ఎడమ చూపుడు వేలు 1, మధ్య వేలు 2, ఉంగరం వేలు 3. కుడి చూపుడు 4, మధ్య 5, ఉంగరం 6. ఎనిమిది కీలుంటే ఎడమ చిటికెన వేలు 7, కుడిది 8. ఎన్‌వీడీఏలో 7 ఒక్కటే నొక్కితే బ్యాక్‌స్పేస్, 8 ఒక్కటే నొక్కితే ఎంటర్.

అక్షరం పడేది కీలు నొక్కినప్పుడు కాదు, అన్ని వేళ్ళూ పైకి లేచినప్పుడు. ఏ వరుసలో నొక్కారన్నది అనవసరం. కాబట్టి తొందర లేదు, ఒక్కో వేలూ పెట్టుకుని, అన్నీ ఉన్నాయని నిర్ధారించుకుని, ఒకేసారి ఎత్తండి. మధ్యలో అన్ని వేళ్ళూ లేచిపోతే సగం అక్షరమే పడుతుంది. ఒక చుక్క తక్కువైన అక్షరాలు పదే పదే పడుతుంటే ఉంగరం వేలు బలహీనంగా ఉన్నట్టు, 3, 6 ఉన్న అక్షరాలు విడిగా సాధన చేయండి. చుక్కలు ఎక్కువ పడుతుంటే అరచేయి ఎక్కడో ఆనుతోంది.

ఇంగ్లీషు గ్రేడ్ 2 (సంక్షిప్తాలతో రాసే బ్రెయిలీ) టైప్ చేసేవాళ్ళకి: స్పేస్ కొట్టే దాకా మాట ప్రోగ్రాములోకి వెళ్ళదు, సంక్షిప్తాలు విప్పాలి కదా. "టైప్ చేస్తున్నా ఏమీ పడట్లేదు" అనుకోవద్దు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మాత్రం కంప్యూటర్ బ్రెయిలీకి మారండి, లేకపోతే పెద్ద అక్షరం, చిన్న అక్షరం, గుర్తులు ఏవెలా పడుతున్నాయో తెలియక ఖాతా లాక్ అయ్యే దాకా పోతుంది.

9. స్పేస్‌తో కలిపి నొక్కేవి

ఫోన్‌ని తాకకుండా డిస్‌ప్లే నుంచే నడపాలంటే ఇవి కావాలి. ఐఫోన్‌లో:

- స్పేస్ + 4: తర్వాతి అంశం
- స్పేస్ + 1: వెనకటి అంశం
- స్పేస్ + 3-6: తెరవడం, అంటే రెండుసార్లు తట్టినట్టు
- స్పేస్ + 1-2: వెనక్కి
- స్పేస్ + 1-2-5: హోమ్

ఆండ్రాయిడ్‌లో కొన్ని ఇవే, కొన్ని వేరు, టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లో బ్రెయిలీ డిస్‌ప్లే భాగంలో జాబితా చూసుకోండి. ఎన్‌వీడీఏలో ఇవి మోడల్‌ని బట్టి మారతాయి, మళ్ళీ హెల్ప్ మోడే శరణ్యం.

ఇక్కడ తప్పు ఎప్పుడూ ఒకటే, స్పేస్ ముందే వదిలేయడం. భయపడకండి, స్పేస్ బొటనవేలితో గట్టిగా పట్టుకుని మిగతావి వేసి అన్నీ కలిపి ఎత్తండి.

10. మాట ఆపి చదవండి

ఇది రోజూ పది నిమిషాలైనా చేయండి. మాట వినిపిస్తుంటే వేళ్ళు చదువుతున్నట్టు నటిస్తాయి, చెవే పని చేసేస్తుంది. ఎన్‌వీడీఏ కీతో ఎస్ నొక్కుతూ పోతే స్పీచ్ ఆగే మోడ్ వస్తుంది, అలాగే నొక్కుతూ పోతే తిరిగి వస్తుంది. ఐఫోన్‌లో స్పేస్ + 1-3-4. ఆపే ముందు తిరిగి ఆన్ చేయడం రెండు మూడుసార్లు చేసి చూసుకోండి.

మాట ఆపాక డిస్‌ప్లే మీద కొత్త విషయాలు బయటపడతాయి. బి-టి-ఎన్ అంటే బటన్, ఎల్-ఎన్-కె అంటే లింకు, ఇ-డి-టి అంటే రాసే పెట్టె, హెచ్ పక్కన అంకె ఉంటే శీర్షిక. స్క్రీన్ రీడర్ నోటితో చెప్పేదాన్నే ఇలా కుదించి చూపిస్తుంది, అక్షరాల తప్పులనుకోవద్దు.

ఎక్కువగా వచ్చే ఇబ్బందులు

చదువుతుంటే లైన్ మాయమై వేరే ఏదో వచ్చి మళ్ళీ పాతదే వస్తోంది: అవి మెసేజులు, ఎన్‌వీడీఏలో మామూలుగా 4 సెకన్లు ఉండి పోతాయి. నెమ్మదిగా చదివేవాళ్ళకి అది చాలదు, బ్రెయిలీ సెట్టింగ్స్‌లో సమయం పెంచుకోండి, లేదా మీరు తీసేసే దాకా ఉండేలా పెట్టుకోండి. రూటింగ్ కీ నొక్కితే మెసేజ్ పోతుంది.

ఒక అక్షరం వచ్చి పోతూ వణుకుతోంది: కర్సర్. మినుకుమనడం ఆపేయొచ్చు, ఆకారం కూడా మార్చుకోవచ్చు. కొత్తవాళ్ళు ఆపేయడమే మంచిది.

బాణాలు నొక్కుతున్నా డిస్‌ప్లే అక్కడే ఉంది: డిస్‌ప్లే దేని వెంట నడవాలో మారిపోయి ఉంటుంది, ఫోకస్ (మీరు పనిచేస్తున్న చోటు) వెంటా, రివ్యూ కర్సర్ (అసలు కర్సర్‌ని కదపకుండా తెర చదవడానికి వాడేది) వెంటా అని. ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, టీ నొక్కి ఆటోమేటిక్‌కి మార్చండి.

చుక్కలు మెత్తగా, అస్పష్టంగా ఉన్నాయి: ముందు మీ వేలి ఒత్తిడి తగ్గించండి. పిన్నులు గట్టిగా నొక్కితే కిందికి దిగిపోతాయి, కాగితం మీద నొక్కి చదివే అలవాటు ఇక్కడ పనికిరాదు. అప్పటికీ అన్ని సెల్స్‌లోనూ అలాగే ఉంటే ఛార్జింగ్ చూడండి.

అన్నీ వచ్చాయో లేదో చూసుకోవడం

పక్కన ఎవరైనా ఉంటే మీకు తెలియని ఒక పేరా టైప్ చేయించండి, అందులో ఐదు తప్పులు కావాలని పెట్టమనండి. మాట ఆపి, డిస్‌ప్లే ఒక్కదానితోనే వాటిని వెతికి, రూటింగ్‌తో సరిచేయండి. తర్వాత మాట ఆన్ చేసి వినండి. ఐదూ దొరికి, సరైన అక్షరాలేవీ పోకుండా ఉంటే ప్యానింగ్, రూటింగ్, టైపింగ్ మూడూ వచ్చినట్టే. మంచి అక్షరాలు పోయాయంటే 7వ మెట్టుకి, తప్పులు కనబడలేదంటే 6కి వెళ్ళండి.

నేర్పేవాళ్ళకి బ్రెయిలీ రాకపోయినా ఫరవాలేదు. ఎన్‌వీడీఏ టూల్స్ మెనూలో బ్రెయిలీ వ్యూయర్ ఉంది, డిస్‌ప్లే మీద ఆ క్షణంలో ఏముందో తెర మీద చుక్కలుగానూ అక్షరాలుగానూ చూపిస్తుంది. దయచేసి చదివేవాళ్ళ చేతులు పట్టుకుని బటన్ల మీదికి లాగకండి, ఎక్కడుందో నోటితో చెప్పండి.

మెషిన్ వైపు పరీక్ష కూడా నెలకోసారి చేయండి. ఔట్‌పుట్‌ని అమెరికా ఇంగ్లీషు ఎనిమిది చుక్కల కంప్యూటర్ బ్రెయిలీకి మార్చి, నోట్‌ప్యాడ్‌లో ఈక్వల్ గుర్తు వరుసగా డిస్‌ప్లే నిండేలా కొట్టండి. ప్రతి సెల్‌లో 1 నుంచి 6 దాకా అన్ని చుక్కలూ లేవాలి. ఆ లైన్ మొత్తం సెలెక్ట్ చేస్తే 7, 8 కూడా లేస్తాయి. తర్వాత ఖాళీ లైన్ మీదికి వెళ్తే, కర్సర్ తప్ప అన్నీ పడిపోవాలి. లేవని చుక్క, పడని చుక్క రెండూ ఇలా దొరికిపోతాయి.

ఏదైనా పిన్ను ఇరుక్కుంటే సూదితో పొడవద్దు, నీళ్ళూ స్ప్రేలూ కొట్టొద్దు. పొడి మెత్తని గుడ్డతో తేలిగ్గా తుడిచి, ఈక్వల్ లైన్‌కీ ఖాళీ లైన్‌కీ మధ్య కొన్నిసార్లు అటూ ఇటూ మారండి, చిన్న దుమ్ము అయితే ఆ కదలికకే వదులుతుంది. వదలకపోతే ఎడమ నుంచి ఎన్నో సెల్, అందులో ఎన్నో చుక్క, లేవట్లేదా పడట్లేదా అన్నది రాసుకుని సర్వీసు వాళ్ళకి చెప్పండి. "17వ సెల్, 5వ చుక్క లేవట్లేదు" అని చెబితే వాళ్ళు ఆ ఒక్క సెల్ చూస్తారు. "చుక్కలు సరిగ్గా రావట్లేదు" అంటే మెషిన్ అంతా విప్పి వెతకాలి.